నీటి రుచి చూసిన బండి

పోయిన వారం మా కూతురి ఇంటికి పోయినప్పుడు, ఇల్లు ఊడ్చే గుండ్రటి యంత్రం ఒకటి నా కాళ్ళ పక్కనుంచి దూరి, సోఫా కిందికి పోయి, మళ్ళీ బయటికొచ్చి, మేడ మెట్ల అంచుదాకా పరుగున పోయి అక్కడ టక్కున ఆగిపోయింది. ఆగి, కొంచెం ఆలోచించుకున్నట్టు నిలబడి, వెనక్కి తిరిగి తన దారిన తాను పోయింది. ఇంట్లో ఎవరూ తలెత్తి కూడా చూడలేదు. కూతురు ఫోనులో మాట్లాడుకుంటోంది, అల్లుడు బెండకాయలు తరుగుతున్నాడు, నేను మాత్రం చేతిలో కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అది మళ్ళీ మెట్ల దగ్గరికి ఎప్పుడొస్తుందా అని కాచుకొని కూర్చున్నాను. వచ్చింది, ఆగింది, తిరిగిపోయింది. "ఏందమ్మా, పనీపాటా లేకుండా దాని వెంట పడ్డావు" అని కూతురు నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఒక యంత్రానికి ఆగడం నేర్పాలంటే ఎంత తిప్పలో, ఆ ఆగడం మీదే ఒక ఆడపిల్ల బతుకు ఆధారపడి ఉంటే ఆ తిప్పలు ఎలా ఉంటాయో ఈ కాలపు పిల్లలకు చెప్పినా తలకెక్కదు. కరెంటు పోతే చేసిన పనంతా గాలికి పోయే రోజుల్లో యంత్రాలతో కుస్తీ పట్టిన నా ఈడు వాళ్ళు ఎవరన్నా ఉంటే, వాళ్ళకు చెప్పుకోవాలనిపించింది.

మాది బోగోలు మండలంలో సముద్రం ఒడ్డునున్న పల్లె. నాయన, అన్న వేటకు పోయేవాళ్ళు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకొని లోపలి ఊళ్ళు తిరిగి అమ్ముకొచ్చేది. అమ్మకు ఒక్కడే తమ్ముడు. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకొని ఊరంతా తిప్పిన ఆ మామ, ఒక గాలివాన రోజున వేటకు పోయి తిరిగి రాలేదు. మనిషీ రాలేదు, పడవా రాలేదు. గాలి లేచిందంటే మా పల్లెలో ఆడవాళ్ళందరూ ఒడ్డుకు చేరేవాళ్ళు. పొయ్యి మీద కూడు మాడినా సరే, చంటిబిడ్డ ఏడ్చినా సరే, తమ వాళ్ళ పడవ కంటబడేదాకా ఇంటిమొహం చూడకూడదు, అది మా దగ్గర ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిన కట్టుబాటు. మామ పోయిన తర్వాత, దినాలు కూడా అయిపోయిన తర్వాత, ఆయన పెళ్ళాం మా అత్త చాలా కాలం సాయంత్రం అయ్యేసరికి అక్కడికే పోయి నిలబడేది. పిలిస్తే పలికేది కాదు. అమ్మే పోయి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చేది. అట్లా తీసుకొచ్చి తీసుకొచ్చి, నా కూతురు మాత్రం ఈడ నిలబడే మనిషి కాకూడదు అని అమ్మ మనసులో గట్టిగా పెట్టేసుకుంది.

అందుకే పది పాసయ్యాక నన్ను పాలిటెక్నిక్‌లో చేర్పించేదాకా అమ్మ ఊరుకోలేదు. నాయన కాదనలేదు గానీ ఒక షరతు పెట్టాడు. మా మేనత్త కొడుకు నాకు వరస, చిన్నప్పటినుంచి అందరి నోళ్ళలో నానిన సంబంధమే. చదువైపోగానే ఉద్యోగమొస్తే సరే, రాకపోతే మా అక్కకు మాట ఇచ్చేస్తాను, తర్వాత ఎవురూ అడ్డం చెప్పకూడదు అన్నాడు. నాయనను ఎవరన్నా ఏమన్నా అంటే నేను ఒప్పుకోను, అప్పట్లో మా పల్లెలో ఆడపిల్లకు ఆ మాత్రం వ్యవధి ఇచ్చిన తండ్రి ఇంకొకడు లేడు. బావ కూడా మంచివాడు, నెమ్మదస్తుడు, నన్ను పల్లెత్తు మాట అన్నవాడు కాదు. నాకు బావ మీద కోపం లేదు, ఆయన పోయే సముద్రం మీదే భయం. గాలి లేచిన ప్రతిసారీ నేను అత్త పక్కన నిలబడి ఉన్నట్టు కళ్ళ ముందు కనపడేది.

మా పాలిటెక్నిక్ కూడా సముద్రానికి దగ్గరే, అక్కడి బోరు నీళ్ళు ఉప్పు. హాస్టల్లో టీ తాగినా ఉప్పు, పప్పులో ఉప్పెయ్యకపోయినా ఉప్పు. నాకు అలవాటే కాబట్టి ఏమీ అనిపించేది కాదు గానీ, మనుబోలు దగ్గర వరి పండించే ఇంటినుంచి వచ్చిన నా స్నేహితురాలు మాత్రం మొదటి రోజునుంచి చివరి రోజుదాకా ఆ నీళ్ళను తిడుతూనే తాగింది. ఎలక్ట్రానిక్స్‌లో మేమిద్దరమే ఆడపిల్లలం. మగపిల్లలు రేడియోలు విప్పుతుంటే మాకు టంకం పెట్టే కాడ కూడా దక్కేది కాదు. దాంతో ఇద్దరికీ ఒకటే మొండితనం పట్టుకుంది, వీళ్ళెవరూ చెయ్యనిది మనం చెయ్యాలి అని.

ఆఖరి ఏడు మా సారు వచ్చి, నెల్లూరులో అన్ని పాలిటెక్నిక్‌ల పిల్లలూ తమ యంత్రాలు చూపించే ప్రదర్శన ఉందనీ, తడ దగ్గర కొత్తగా పెడుతున్న ఒక ఫ్యాక్టరీ పెద్దమనిషి అక్కడికి వస్తాడనీ, యంత్రం బాగా పనిచేసిన వాళ్ళలోంచి కొందరిని పనిలోకి తీసుకుంటారనీ చెప్పాడు. మిగతా వాళ్ళకు అది ఒక అవకాశం. నాకు అదొక్కటే అవకాశం, ఎందుకంటే పరీక్షలవగానే మేనత్త వాళ్ళు తాంబూలాలకు వస్తామని అప్పటికే కబురు పెట్టారు.

మేం ఎంచుకున్నది ఒక బండి. తనంతట తాను పోతూ ఉండాలి, ఎదురుగా నీళ్ళు తగిలితే ఆగాలి, వెనక్కి వచ్చి పక్కకు తిరిగి వేరే దారి పట్టాలి. ఇప్పటి పిల్లలు దీన్ని ఆరో తరగతిలో ఒక పూటలో చేసేస్తారు. మాకు మాత్రం తిరునాళ్ళలో కొన్న బొమ్మ కారు ఒకటి, పాత టేపురికార్డర్లలోంచి పీకిన మోటార్లు రెండు, ముందుకు మీసాల్లా వంచి కట్టిన సైకిలు స్పోకులు రెండు, అంతే సరంజామా. మొదట రాగి తీగలు పెట్టాం గానీ ఉప్పు నీళ్ళకు అవి పచ్చగా చిలుమెక్కిపోయాయి. ఆ రెండు స్పోకులూ ఒక్కసారి నీళ్ళలో మునిగితే వాటి నడుమ నీళ్ళగుండా కొంచెం కరెంటు పారుతుంది, ఎంత పారిందో యంత్రం ఒక అంకెగా చదువుకుంటుంది, ఆ అంకె మేం పెట్టిన హద్దు దాటితే నీళ్ళు వచ్చాయని అర్థం.

బండికి బుర్ర బండిలో లేదు. ల్యాబులో బల్ల మీద ఉన్న పచ్చటి బోర్డులో ఉంది, దానికీ బండికీ నడుమ తోకలాగా పొడుగాటి తీగల పట్టీ ఒకటి ఈడ్చుకుంటూ పోయేది. ఆ బోర్డు మీద ఎర్రగా వెలిగే అంకెలు, ఒక పక్కన చిన్న చిన్న మీటలు ఉండేవి. బండి చెయ్యాల్సిన ప్రతి పనినీ మేం కాగితం మీద అంకెలుగా మార్చుకొని ఆ మీటలతో ఒక్కొక్కటే నొక్కి ఎక్కించాలి. ఒక్క అంకె తప్పితే బండి గోడకు గుద్దుకుంటుంది, లేకపోతే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. కరెంటు పోయిందా, ఎక్కించినదంతా పోయినట్టే, మళ్ళీ మొదటినుంచి నొక్కాలి. మా ఊళ్ళ కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. ఎన్నిసార్లు ఎక్కించామో, నిద్రలో కూడా నా వేళ్ళు దుప్పటి మీద మీటలు నొక్కుతున్నాయని స్నేహితురాలు ఎగతాళి చేసేది.

అన్నీ కుదిరాక కొత్త చిక్కు వచ్చింది. పొద్దున్నే ల్యాబు తెరిచేసరికి బండి నాలుగడుగులు వేసి, నీళ్ళ చుక్క లేకపోయినా ఆగిపోయేది. మధ్యాహ్నం అదే బండి బంగారంలా నడిచేది. రెండు మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, ఆయా పొద్దున బోరు నీళ్ళతో నేల తుడిచి పోతోంది, ఆ తడికీ నేలలో ఇంకిన ఉప్పుకీ మా స్పోకులు నీళ్ళే అనుకుంటున్నాయి. మాకు తోచింది మేం చేశాం. హద్దు అంకెను పెంచాం. తడి నేలకు మోసపోయినప్పుడల్లా ఇంకొంచెం పెంచుకుంటూ పోయాం. చివరికి నిలవున్న బోరు నీళ్ళు తగిలితే తప్ప ఆగని స్థితికి తెచ్చి, గెలిచామని అనుకున్నాం. మా సారు కూడా బాగుందని భుజం తట్టి పంపించాడు.

నెల్లూరులో హాలు చూడగానే మా ఇద్దరికీ గుండె జారింది. నున్నటి మొజాయిక్ నేల, వరసగా బల్లలు, ఇస్త్రీ బట్టల్లో పిల్లలు. మేం ఒక మూల నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని అంచుల కింద తాళ్ళు దోపి, అక్కడి కొళాయి నీళ్ళు పోసి చిన్న మడుగు చేశాం. బోర్డు పెట్టి, అంకెలన్నీ ఎక్కించి, బండిని వదిలాం. అది జోరుగా పోయి, స్పోకులు నీళ్ళలో మునిగినా ఆగకుండా, తిన్నగా మడుగులోకి దిగిపోయింది. స్నేహితురాలు పరుగున పోయి ఎత్తకపోతే మోటార్లు కూడా మునిగేవే. తుడిచి మళ్ళీ వదిలాం, మళ్ళీ దిగింది. తీగలు చూశాం, టంకాలు చూశాం, అంకెలన్నీ ఒక్కొక్కటే సరిచూశాం, ఎక్కడా తప్పు లేదు. పక్క బల్ల దగ్గరి పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు. ఫ్యాక్టరీ పెద్దమనిషి హాలుకు ఆ కొసన మొదలుపెట్టాడు, ఒక్కో బల్లే చూసుకుంటూ మా వైపే వస్తున్నాడు. నాకు మేనత్త తెచ్చే తాంబూలం పళ్ళెం కళ్ళ ముందు కనపడింది, దాని వెనకాల ఒడ్డున నిలబడిన అత్త కనపడింది. ఏడిస్తే ఇక అంతా అయిపోయినట్టే అనిపించి ఏడుపు మింగేశాను.

అప్పుడు ఎందుకు చేశానో నాకు తెలియదు గానీ, మడుగులో చెయ్యి ముంచి ఆ నీళ్ళు నోట్లో పోసుకున్నాను. చప్పగా, తియ్యగా ఉన్నాయి. మా పల్లెలో ఆడవాళ్ళు మంచినీళ్ళ కోసం ఇసుకలో చెలమ తోడుకుంటారు. నీళ్ళు ఊరగానే కడవ ముంచరు, ముందు ఒక దోసిలి తీసి రుచి చూస్తారు, నిన్న తియ్యగా ఉన్న చెలమ ఇవాళ ఉప్పగా ఉండొచ్చు కాబట్టి. పుట్టినప్పటినుంచి చూసిన పని, చేసిన పని. అయినా నీళ్ళు అనేసరికి మా ఇద్దరికీ బోరు నీళ్ళే నీళ్ళు అయిపోయాయి. ఉప్పు నీళ్ళలో కరెంటు బాగా పారుతుంది, మంచినీళ్ళలో అంతగా పారదు. మా బండికి ఉప్పు తగలనిది నీళ్ళే కాదు.

సంగతి చెప్పగానే స్నేహితురాలు లేచి నిలబడింది. "క్యాంటీన్‌లో గుప్పెడు ఉప్పు అడిగి తెచ్చి పోసేస్తే పోలా, ఎవురు చూస్తారుమే" అంది. చాలా తేలికైన దారి అది, ఒక్క నిమిషం పని. కానీ నాకు మనసొప్పలేదు. "తడలో ఉద్యోగమొస్తే ఆడ కూడా ఉప్పు పొట్లం ఎత్తుకొని తిరగాల్నా మే" అన్నాను. ఆమెకు చిర్రెత్తుకొచ్చింది, నా మొండితనం తగలెయ్య అని తిట్టింది. సరిగ్గా అప్పుడే హాల్లో కరెంటు పోయింది. బోర్డు మీద ఎర్రంకెలు ఆరిపోయాయి, ఎక్కించినదంతా పోయింది. చుట్టూ అందరూ ఉసూరుమన్నారు. నేను మాత్రం సుద్దముక్క తీసుకొని నేల మీద కూర్చున్నాను. ఎట్లాగూ అంతా మొదటినుంచి ఎక్కించాల్సిందే కదా, ఎక్కించేదేదో సరైనదే ఎక్కిద్దాం అనిపించింది.

హద్దు అంకెను మేం ముందే చెప్పడం మానేసి, బండినే కనుక్కోమంటే ఎట్లా ఉంటుంది. మొదట మడుగు అంచున స్పోకులు ముంచి నిలబడాలి, అక్కడి నీళ్ళకు ఎంత అంకె వస్తుందో చదువుకోవాలి, దాన్ని సగం చేసి గుర్తు పెట్టుకోవాలి, ఆ తర్వాత తిరుగుతున్నప్పుడు ఆ సగం దాటితే నీళ్ళు అనుకోవాలి. చెలమ దగ్గర ఆడవాళ్ళు చేసేదే ఇది. ఆ నాలుగు ముక్కల్నీ అంకెల్లోకి మార్చి మొజాయిక్ మీద సుద్దతో రాశాను, తుడిచాను, మళ్ళీ రాశాను. స్నేహితురాలు తిట్టడం ఆపి నా పక్కన కూర్చొని ఒక్కో అంకె సరిచూసింది, ఒకచోట నేను తప్పు రాస్తే నెత్తిన మొట్టి దిద్దింది. కరెంటు వచ్చేసరికి పెద్దమనిషి పక్క బల్ల దగ్గర ఉన్నాడు. ఆమె చదువుతుంటే నేను నొక్కాను. వేళ్ళకు దారి తెలుసు. మా సారు ఎదురుపోయి ఆయన్ను ఏదో మాటల్లో పెట్టి ఆపుతున్నాడని ఓరకంట కనపడింది, తలెత్తి చూసే తీరిక లేదు.

ఆయన మా ముందుకు వచ్చి నిలబడ్డాడు. తమిళ యాసతో తెలుగు మాట్లాడే మనిషి, మొహంలో నవ్వు లేదు. బండిని మడుగు అంచున పెట్టి మీట నొక్కాను. అది స్పోకులు ముంచి కదలకుండా ఉండిపోయింది. "ఏంమా, నిలబడిపోయింది, పాడైందా" అన్నాడు. "లేదు సార్, రుచి చూస్తా ఉండాది" అన్నాను. ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. బండి వెనక్కి జరిగింది, తిరిగింది, నేల మీద కొంచెం దూరం పోయి మళ్ళీ మడుగు వైపు వచ్చింది, నీళ్ళు తగలగానే ఆగి పక్కకు మళ్ళింది. ఆయన తన చేతిలోని గ్లాసులో మిగిలిన టీని పట్టా మీద పొడిగా ఉన్న చోట ఒలకబోసి, దీని రుచి కూడా చూస్తుందా అని అడిగాడు. చూస్తుందని చెప్పి, బండిని టీ అంచున పెట్టి మళ్ళీ మీట నొక్కాను. బండి టీ రుచి చూసింది, తిరిగింది, మళ్ళీ వచ్చి టీ దగ్గర ఆగింది. అప్పుడు నవ్వాడా మనిషి. సారును పక్కకు పిలిచి ఏదో మాట్లాడి పోయాడు. సారు తిరిగొచ్చి, పరీక్షలు రాసి ఇద్దరూ తడకు పోవాల్సిందే అనేసరికి స్నేహితురాలు నన్ను గట్టిగా వాటేసుకుంది. అంతసేపు మింగిన ఏడుపు అప్పుడు వచ్చింది, ఇద్దరం సిగ్గు లేకుండా అందరి ముందూ ఏడ్చాం.

ఊళ్ళో బస్సు దిగేసరికి గాలి లేచి ఉంది. ఇంటికి తాళం, అమ్మ ఎక్కడుంటుందో చెప్పక్కర్లేదు. ఒడ్డున ఆడవాళ్ళ మధ్య కొంగు నెత్తిన కప్పుకొని నిలబడి ఉంది, నాయన పడవ వచ్చేసింది గానీ అన్న పడవ ఇంకా రాలేదు. నేను పోయి పక్కన నిలబడి, ఉద్యోగమొచ్చిందమ్మా అని చెప్పాను. అమ్మ నీళ్ళ మీదినుంచి చూపు తిప్పలేదు. చెయ్యి మాత్రం నా వైపు చాపి, నా ముంజేతిని నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. కాసేపటికి వదిలేసి, "అయితే ఇంక నువ్వు ఈడ నిలబడే పన్లేదు. ఇంటికి పో" అంది. అన్న వచ్చేదాకా ఉంటానన్నాను. "పో అంటా ఉండానా" అని కసిరింది. నేను ఇంటికి పోయాను. అన్న చీకటి పడకముందే క్షేమంగా వచ్చాడు. నాయన మేనత్తకు తానే పోయి నచ్చజెప్పుకున్నాడు, బావ మరుసటేడు ఇంకో మంచి పిల్లను చేసుకున్నాడు.

ఆ తర్వాత నా బతుకంతా తడలోనే గడిచింది. పెళ్ళి, పిల్ల, ఉద్యోగం, మొన్న మొన్నటి విరమణ, అన్నీ గట్టు మీదే. ఎన్ని వేల యంత్రాలు నా చేతుల మీదుగా పోయాయో, ప్రతిదాన్నీ ముందు తాను పనిచెయ్యాల్సిన చోటి రుచి చూడనిచ్చి ఆ తర్వాతే పనిలోకి దించేదాన్ని, దానికి నా కింది పిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్ళు. నాయన పోయాడు, అమ్మా పోయింది. అన్న మాత్రం వద్దన్నా వినకుండా ఇప్పటికీ వేటకు పోతాడు. ఆయన పడవలో లోతు చెప్పే యంత్రం ఉంది, చేపలెక్కడున్నాయో చూపేది ఉంది, దారి చూపేది ఉంది. పల్లెలో ఇప్పుడెవరూ చెలమ తవ్వరు, ఇంటింటికీ డబ్బా నీళ్ళే, కావలిలో తాగినా తడలో తాగినా ఒకటే రుచి. మా బండి ఈ కాలంలో పుట్టి ఉంటే దానికి ఆ కష్టమే వచ్చేది కాదు.

ఈ ఏడు వానల్లో అన్నను చూడటానికి ఊరికి పోయాను. పోయిన రోజే గాలి లేచింది. ఒడ్డుకు పోయి చూస్తే ఒక్క ఆడమనిషి లేదు. అందరూ ఇళ్ళలో ఉన్నారు, టీవీలు మోగుతున్నాయి, ఏ పడవ ఎక్కడుందో ఫోనులో తెలిసిపోతుంటే వానలో నిలబడే ఖర్మ ఎవరికి, అదే మంచిది కూడా. వదిన వాకిట్లోంచి కేకేసింది, "మీ అన్న ఫోన్ చేసినాడు, వస్తా ఉండాడు, ఎందుకు తడుస్తా ఉండావు, లోపలికి రామ్మా" అని. వస్తున్నానన్నాను. అన్న ఎంత దూరంలో ఉన్నాడో వదినకు తెలుసు, వదిన చెప్పాక నాకూ తెలుసు. అయినా పడవ నా కంటబడేదాకా కాళ్ళు కదల్లేదు. ఇంటికి పొమ్మని కసరడానికి అమ్మ లేదు.